స్క్రిప్టు చెప్పకుండా చేసే పనులు

2014 ఏప్రిల్ రెండో వారం. కెనడాలో పన్ను రిటర్నులు వేసే కాలం. గడువు ఏప్రిల్ 30. టొరంటో, మిసిసాగా, బ్రాంప్టన్‌లలో ఉన్న మనవాళ్ళతో సహా దేశమంతా కంప్యూటర్ల ముందు కూర్చున్న రోజుల్లో కెనడా రెవెన్యూ ఏజెన్సీ తన ఆన్‌లైన్ సేవల్ని ఉన్నట్టుండి మూసేసింది. కారణం హార్ట్‌బ్లీడ్. ఏజెన్సీ సర్వర్లతో పాటు లోకంలో ఎన్నో సర్వర్లు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే, సీ భాషలో రాసిన లైబ్రరీలో ఒక చిన్న తనిఖీ లేకపోవడం. అవతలి కంప్యూటర్ "నేను పంపిన మాట ఇంత పొడవు, దాన్నే నాకు తిరిగి పంపు" అంటుంది. నిజంగా అంత పొడవుందా అని ఈ కోడ్ చూడలేదు. చెప్పిన లెక్క ప్రకారం, పక్క మెమరీలో ఏముంటే అది కూడా కలిపి 64 కిలోబైట్ల దాకా పంపేసేది. ఏజెన్సీ తలుపులు మూసేలోపే, ఆరు గంటల వ్యవధిలో, సుమారు 900 మంది సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు ఎవరో పట్టుకుపోయారు. రిటర్నుల గడువు మే 5 దాకా పొడిగించాల్సి వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో షెల్‌షాక్ బయటపడింది. ఈసారి తప్పు, టైపు చేసిన ఆజ్ఞల్ని నడిపించే బాష్ అనే షెల్‌ది. ఒక షెల్ ఫంక్షన్‌ని ఇంకో ప్రోగ్రాముకి అందించడానికి బాష్ దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో అక్షరాలుగా పెట్టి పంపుతుంది. అందుకున్న వైపు బాష్ ఫంక్షన్ ముగిసిన చోట ఆగాలి. ఆగేది కాదు. దాని వెనకాల ఎవరైనా ఇంకేదైనా ఆజ్ఞ తగిలిస్తే అదీ నడిపించేసేది. 1989 నుంచీ ఆ తప్పు అక్కడే ఉంది, పాతికేళ్ళు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి కారణముంది. "షెల్ స్క్రిప్టు పాతది, నెమ్మది, నమ్మడానికి లేదు, సీ లోకి మార్చేద్దాం" అనే మాట కంపెనీల్లో తరచుగా వినిపిస్తుంది. మార్చడమంటే ఒక రకం ప్రమాదాన్ని ఇచ్చి ఇంకో రకం ప్రమాదాన్ని తెచ్చుకోవడమని ఆ మాట అన్నవాళ్ళకి ఎప్పుడూ గుర్తుండదు. గుర్తుపెట్టుకోవలసినవాడు ఒకడుంటాడు. మార్చిన కోడ్‌ని చదివి "సరే, లోపలికి పోనివ్వు" అనవలసిన రివ్యూయర్. ఈ అధ్యాయం అతని పని గురించి.

హార్ట్‌బ్లీడ్ కోడ్‌ని కూడా లోపలికి వెళ్ళేముందు ఇంకొకరు చదివారు. చదివినవాళ్ళు చేతకానివాళ్ళేం కాదు. రాసిన వరసలో తప్పుంటే కంటికి దొరుకుతుంది. రాయాల్సిన వరస అసలు లేకపోతే కన్ను దేని మీద ఆగుతుంది? షెల్ నుంచి సీ కి మార్చిన కోడ్‌లో ఎక్కువ చిక్కులు ఈ రెండో జాతివే.

ఎందుకలా అని తెలియాలంటే ఈ రెండు భాషల స్వభావం కొంచెం చూడాలి. సీ గురించిన మూలగ్రంథాన్ని 1978లో డెనిస్ రిచీతో కలిసి రాసిన బ్రయన్ కెర్నిహాన్ టొరంటోలో పుట్టి, టొరంటో విశ్వవిద్యాలయంలో చదివినవాడు. అదే విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళిన రాబ్ పైక్‌తో కలిసి 1984లో యూనిక్స్ మీద ఒక పుస్తకం రాశాడు. చిన్న చిన్న ప్రోగ్రాముల్ని షెల్‌తో గుదిగుచ్చి పని జరిపించుకో, అవసరమైనప్పుడే సీ లోకి దిగు అన్నది ఆ పుస్తకం నేర్పే పద్ధతి. షెల్ అంటే మనం టైపు చేసే ఆజ్ఞల్ని తీసుకుని ప్రోగ్రాముల్ని నడిపించేది. అవే ఆజ్ఞల్ని ఒక ఫైల్లో రాసిపెడితే స్క్రిప్టు. షెల్‌లో ఒక వరసలో అయ్యే పని సీ లో ముప్ఫై వరసలు. ఆ ఇరవై తొమ్మిది వరసల పనిని షెల్ ఎవరికీ చెప్పకుండా చేసిపెడుతుంది. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన గుమాస్తా రిటైరైపోయి, అతని డ్యూటీ చార్టు చూసి కొత్తవాణ్ణి వేస్తే, చార్టులో లేని పనులన్నీ మర్నాడే ఆగిపోతాయి కదా. అలాంటిదే ఇది.

కొత్తవాడు చార్టులో లేనివి చేసే ప్రమాదం కూడా ఉంది. అది ఇంకా పెద్దది.

ఊహకి ఒక చిన్న స్క్రిప్టు ఫంక్షన్ తీసుకుందాం. పని: ఒక ఫోల్డరులో డాట్‌బ్యాక్‌తో ముగిసే పాత కాపీలన్నీ చెరిపెయ్యడం. ఫోల్డరు పేరు ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో ఉంటుంది, లేకపోతే మామూలుగా వాడే పేరు. ఫంక్షన్ ఒళ్ళంతా గుండ్రటి బ్రాకెట్లలో ఉంది. లోపల ముందు ఆ ఫోల్డరులోకి వెళ్తుంది, నక్షత్రం గుర్తుతో ఫైళ్ళన్నీ వరసగా తీసుకుంటుంది, ఒక్కోదాన్ని చెరుపుతుంది, చెరపలేకపోయిన వాటిని లెక్కపెడుతుంది, చివర ఆ లెక్కతోనే నిష్క్రమిస్తుంది. ఆరు వరసలు. ఎవరో దీన్ని సీ లో అరవై వరసలుగా మార్చి మన ముందు పెట్టారు. కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. చదవడం మొదలుపెడదాం.

నక్షత్రం దగ్గరే మొదటి గొయ్యి. షెల్‌లో "ఏదైనా, ఆపైన డాట్‌బ్యాక్" అని రాస్తే, చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్ళని షెల్ వదిలేస్తుంది. అది వందల స్క్రిప్టులు మౌనంగా ఆధారపడే నియమం. సీ లో ఫోల్డరుని తెరిచి ఒక్కో పేరు చదివితే దాచినవీ దాచనివీ అన్నీ వస్తాయి. పోర్టు చేసినవాడు, అంటే కోడ్‌ని సీ లోకి మార్చినవాడు, పేరు చివర డాట్‌బ్యాక్ ఉందా అని మాత్రమే చూశాడు. అంటే ఇన్నేళ్ళూ భద్రంగా ఉన్న దాచిన కాపీలు కొత్త ప్రోగ్రాము మొదటిసారి నడిచిన రోజే పోతాయి. కోడ్‌లో తప్పు వరస ఒక్కటీ లేదు. లేనిదల్లా "మొదటి అక్షరం చుక్కైతే వదిలెయ్" అనే వరస. పైగా షెల్ పేర్లని అక్షరక్రమంలో ఇస్తుంది, సీ పిలుపు ఫైల్ సిస్టమ్‌కి తోచిన క్రమంలో ఇస్తుంది. చెరపడానికి క్రమంతో పనిలేదు, నిజమే. కానీ చెరిపిన పేర్లని తెర మీద అచ్చువేస్తుంటే, ఆ జాబితాని ఇంకో స్క్రిప్టు చదువుతుంటే?

ఫోల్డరులో డాట్‌బ్యాక్ ఫైళ్ళు ఒక్కటీ లేకపోతే? మామూలు షెల్ నక్షత్రాన్ని నక్షత్రంగానే ఉంచేస్తుంది. అప్పుడు స్క్రిప్టు "నక్షత్రం డాట్‌బ్యాక్" అనే, లేని ఫైల్ని చెరపబోయి, విఫలమై, లెక్క ఒకటి పెంచి వెళ్ళిపోతుంది. ఖాళీ ఫోల్డరుకి జవాబు "విఫలం". సీ లో అయితే జవాబు సున్నా, అంటే "జయం". కొత్తదే సబబుగా ఉంది కదా అనిపిస్తుంది. ఆ "విఫలం" చూసి "చెరపడానికేం లేదు, తర్వాతి పని అక్కర్లేదు" అని నిర్ణయించుకునే స్క్రిప్టు ఇంకోటి ఎక్కడో ఉండొచ్చు. నా అభిప్రాయం అడిగితే, పోర్టు ప్యాచ్‌లో, అంటే భాష మార్చే మార్పుల కట్టలో, పాత తప్పుని తప్పుగానే ఉంచాలి. దిద్దుబాటు ఇంకో ప్యాచ్‌గా, దాని కారణంతో సహా రావాలి. రెండూ కలిపేస్తే, ఆర్నెల్ల తర్వాత ఏదో విరిగినప్పుడు అది మార్పిడి వల్ల విరిగిందో దిద్దుబాటు వల్ల విరిగిందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

తర్వాత ఖాళీ. వేరియబుల్‌కి విలువ లేకపోతే మామూలు పేరు వాడమని చెప్పడానికి షెల్‌లో రెండు రూపాలున్నాయి. వాటి మధ్య తేడా ఒక్క కోలన్. కోలన్ ఉంటే "వేరియబుల్ లేకపోయినా, ఉండి ఖాళీగా ఉన్నా" అని అర్థం. కోలన్ లేకపోతే "అసలు లేకపోతేనే" అని. మన స్క్రిప్టులో కోలన్ ఉంది. సీ లో వేరియబుల్ లేకపోతే శూన్య పాయింటర్ వస్తుంది, ఖాళీగా ఉంటే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. పోర్టు చేసినవాడు శూన్యాన్ని పరీక్షించాడు, ఖాళీని వదిలేశాడు. ఆ తర్వాత ఫోల్డరు పేరు చివర ఒక స్లాష్ తగిలించి, ఆ దారిలోకి వెళ్ళాడు. ఫోల్డరు పేరు ఖాళీ అయితే ఆ దారి వట్టి స్లాష్ అవుతుంది. అంటే డిస్కు మూలం. చెరపడం అక్కణ్ణుంచి మొదలు. కోలన్ అనే రెండు చుక్కల్లో ఇంత ఉంది.

గుండ్రటి బ్రాకెట్లని చూసీ చూడనట్టు దాటేస్తారు చాలామంది. ఆ బ్రాకెట్ల వల్ల షెల్ తన నకలు ఒకటి పుట్టించి పనంతా ఆ పిల్ల ప్రోగ్రాములో చేయిస్తుంది. పిల్ల ఏ ఫోల్డరులోకి వెళ్ళినా తల్లి ఉన్నచోటే ఉంటుంది. సీ లో ఫోల్డరు మారితే ప్రోగ్రాము మొత్తానికీ మారుతుంది. ఫంక్షన్ తిరిగొచ్చాక, పిలిచినవాడు తన పాత చోటే ఉన్నాననుకుని ఇంకో ఫైల్ తెరవబోతాడు. దొరకదు. లేదా, ఇంకా అన్యాయంగా, అదే పేరుతో వేరే ఫైల్ దొరుకుతుంది. అసలు ఫోల్డరు మారకుండా, తెరిచిపట్టుకున్న ఫోల్డరుని ఆధారం చేసుకుని ఫైళ్ళు చెరిపే పిలుపులు సీ లో ఉన్నాయి. అవి వాడమని అడగడం రివ్యూయర్ హక్కు.

చివరి లెక్క కూడా అమాయకమైందేం కాదు. పిల్ల ప్రోగ్రాము నిష్క్రమిస్తూ తల్లికి ఇచ్చే సంఖ్యలో 8 బిట్లే అందుతాయి. 255 దాకా సరే. 256 ఫైళ్ళు చెరపలేకపోతే తల్లికి అందేది సున్నా, అంటే దివ్యంగా జరిగిందని. సీ లో మామూలు ఫంక్షన్ అయితే 256 అని 256గానే చెబుతుంది. మరి ఇప్పుడు పాత ప్రవర్తన నిలబెట్టాలా? ఇలాంటి చోట నిలబెట్టమని నేనూ అనను. ప్యాచ్ వివరణలో ఒక వాక్యం మాత్రం రాయించాలి.

ఇంకొకటి, మన భాషకి దగ్గరది. స్క్రిప్టులో ఫైలు పేరుని కొటేషన్లలో పెట్టడం మరిచిపోయారనుకోండి. ఒక ఫైలు పేరు "మార్చి బిల్లులు" డాట్‌బ్యాక్, మధ్యలో ఖాళీ. షెల్ దాన్ని రెండు ముక్కలు చేసి, "మార్చి" అనే ఫైల్నీ "బిల్లులు" డాట్‌బ్యాక్ అనే ఫైల్నీ చెరపబోతుంది. సీ లో ఈ జబ్బు లేదు, పేరు పేరుగానే ఉంటుంది. అక్కడికి లాభం. అయితే పొడవు లెక్క దగ్గర కొత్త జబ్బు మొదలవుతుంది. "తెలుగు" అనే మాట మన కంటికి మూడక్షరాలు. యూటీఎఫ్-8లో బాష్‌ని అడిగితే 6 అంటుంది, గుడింతాల గుర్తుల్ని విడిగా లెక్కపెడుతుంది కనుక. సీ లోని స్ట్రింగ్ పొడవు ఫంక్షన్ 18 అంటుంది, అది లెక్కపెట్టేది బైట్లని కనుక. స్క్రిప్టులో ఉన్న అంకెని చూసి సీ లో అంత పెట్టె మెమరీ కేటాయిస్తే ఇంగ్లీషు పేర్లతో పరీక్షలన్నీ నెగ్గుతాయి. కాల్గరీలోనో కాకినాడలోనో ఒక తెలుగు ఫైలు పేరు తగిలినరోజు పెట్టె పొంగిపోతుంది.

కాల్గరీ పేరు ఊరికే రాలేదు. ఆ ఊళ్ళో ఉండే థియో డి రాట్ 1995లో మొదలుపెట్టిన ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్, సీ కోడ్‌ని చదవడాన్నే ఒక వృత్తిగా పెట్టుకుంది. 1996 నుంచి వాళ్ళు తమ కోడ్‌నంతా ఫైలు తర్వాత ఫైలుగా తనిఖీ చేస్తూ వచ్చారు. మార్పు ఏదైనా, ఇంకో డెవలపర్ చూసి "ఓకే" అన్నాక లోపలికి వెళ్ళడం అక్కడ మామూలు ఆచారం. ఒక తప్పు దొరికితే అదే అలవాటు ఇంకెక్కడుందో చెట్టంతా దులిపి వెతుకుతారు. పోర్టింగ్ రివ్యూకి ఇంతకన్నా పనికొచ్చే అలవాటు లేదు. ఇరవై ఫంక్షన్లు ఒకే చేతి మీదుగా మారినప్పుడు, ఒకదాంట్లో ఖాళీ స్ట్రింగ్‌ని మరిచిన చెయ్యి మిగతా పందొమ్మిదిలోనూ మరిచే ఉంటుంది.

వాళ్ళ రెండో అలవాటు, పదేపదే జరిగే తప్పుకి మనిషిని తిట్టడం మానేసి పనిముట్టు మార్చడం. స్ట్రింగ్‌ని నకలు చేసే పాత సీ ఫంక్షన్ స్ట్ర్‌కాపీకి అవతలి పెట్టె ఎంతుందో తెలీదు. దాని బదులు పెట్టె కొలత అడిగి తీసుకునే స్ట్ర్‌ఎల్‌కాపీని టాడ్ మిల్లర్, డి రాట్ కలిసి తయారుచేసి 1999లో దాని మీద ఒక పత్రం చదివారు. అక్షరాల్ని అంకెగా మార్చే పాత ఫంక్షన్‌కి "అరటిపండు" అని ఇచ్చినా మారుమాట్లాడకుండా సున్నా అంటుంది. దాని బదులు, హద్దులు అడిగి, తప్పయితే తప్పని చెప్పే స్ట్ర్‌టోనమ్ తెచ్చారు. స్ట్ర్‌ఎల్‌కాపీని లినక్సు ప్రపంచపు ప్రధాన సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ చాలా ఏళ్ళు వద్దంటూ వచ్చి 2023లో చేర్చుకుంది. ఇరవై నాలుగేళ్ళు పట్టింది. ఈ రంగంలో మంచి మాట తలకెక్కడానికి మామూలుగా అంత పడుతుంది. హార్ట్‌బ్లీడ్ తర్వాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని విడదీసి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ మొదలుపెట్టింది కూడా వీళ్ళే. మొదటి వారంలోనే 90,000 వరసలకి పైగా సీ కోడ్ తీసిపారేశారు.

ఇక షెల్ ఫంక్షన్లని సీ లోకి మార్చడం పెద్ద ఎత్తున, అందరి కళ్ళ ముందు జరిగిన చోటు గిట్, కోడ్‌లో మార్పుల్ని దాచిపెట్టి నిర్వహించే పనిముట్టు. ఈ రోజు కోడ్ రాసేవాళ్ళలో గిట్ వాడనివాళ్ళు అరుదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు, దాని ఆజ్ఞల్లో ఎన్నో షెల్ స్క్రిప్టులే. లినక్సులో నడిచిపోయేది. విండోస్‌లో కొత్త ప్రోగ్రాముని పుట్టించడం ఖరీదైన పని. ఒక స్క్రిప్టు పదుల కొద్దీ ప్రోగ్రాముల్ని పుట్టిస్తుంది కనుక రీబేస్ లాంటి ఆజ్ఞ ఇచ్చి టీ తాగి రావచ్చనేవాళ్ళు. 2015లో పుల్, ఏఎమ్ అనే ఆజ్ఞలు సీ లోకి మారాయి. 2018 డిసెంబర్‌లో వచ్చిన 2.20లో రీబేస్, 2019 జూన్‌లో వచ్చిన 2.22లో స్టాష్ మారాయి. చేసినవాళ్ళలో చాలామంది గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో చేరిన విద్యార్థులు. బైసెక్ట్ అనే ఆజ్ఞని 2016 వేసవిలో ఒక విద్యార్థి పట్టుకుంటే, చేతులు మారి మారి 2023కి గాని షెల్ పూర్తిగా పోలేదు.

ఆ ఏడేళ్ళు సోమరితనం అనుకోవద్దు. గిట్ వాళ్ళ పద్ధతి తరచుగా ఇలా ఉండేది. స్క్రిప్టుని ఒక్కసారిగా పారెయ్యరు. "హెల్పర్" అని ఒక సీ ప్రోగ్రాము పెట్టి, స్క్రిప్టులోని ఒక్కో ఫంక్షన్‌ని అందులోకి తరలిస్తారు. స్క్రిప్టు తన ఫంక్షన్ని పిలిచే బదులు హెల్పర్‌ని పిలుస్తుంది. ఒక్కో ప్యాచ్‌లో ఒక ఫంక్షన్ షెల్ వైపు చెరిగిపోయి సీ వైపు పుడుతుంది. రివ్యూయర్ ఎడమ పక్క ఆరు వరసలు, కుడి పక్క అరవై వరసలు పెట్టుకుని పోల్చగలడు. అన్నిటికీ మించి, గిట్ పరీక్షలు చాలావరకు షెల్‌లోనే రాసి ఉంటాయి, ఆజ్ఞని బయటనుంచి నడిపి ఫలితం చూస్తాయి. లోపల ఏ భాష ఉందో వాటికి పట్టదు. పాతదాని మీద నెగ్గిన పరీక్షే కొత్తదాని మీదా నెగ్గాలి.

ఈ పద్ధతిలో ఒక మలుపు దగ్గర మాత్రం రివ్యూయర్ నిద్రపోకూడదు. ఫంక్షన్లన్నీ హెల్పర్‌లోకి వచ్చేశాక ఆఖరి షెల్ ఎముక తీసేస్తారు. అప్పటిదాకా ఒక్కో పిలుపుకీ ఒక కొత్త ప్రోగ్రాము పుట్టి చచ్చేది. చస్తూ తన మెమరీ, తెరిచిన ఫైళ్ళు, మారిన ఫోల్డరు అన్నీ తనతోనే తీసుకుపోయేది. ఇక నుంచి అవన్నీ ఒకే ప్రోగ్రాములో మామూలు పిలుపులు. వదలని మెమరీ పేరుకుంటుంది. తప్పు జరిగితే "చచ్చిపో" అనే పిలుపు అప్పుడు హెల్పర్‌ని ఒక్కదాన్నే చంపేది, ఇప్పుడు శుభ్రం చేసుకోవలసిన పై ఫంక్షన్‌తో సహా అందర్నీ చంపుతుంది. ఒక వరస కోడ్ కూడా మారకుండా అర్థం మారిపోయే చోటు ఇది. అందరూ "ఇది వట్టి పేర్లు సర్దే ప్యాచ్" అని తేలిగ్గా చూసేదీ ఈ ప్యాచ్‌నే.

గిట్ బృందం ఇంకో జాగ్రత్త పడింది. రీబేస్‌కి, స్టాష్‌కి కొత్త సీ రూపం విడుదలైనా, వికటిస్తే పాత స్క్రిప్టుకి తిరిగి వెళ్ళడానికి ఒక సెట్టింగు కొన్ని విడుదలల పాటు ఉంచారు. పదిమంది చదివాక కూడా పదకొండో మనిషి వాడినప్పుడే బయటపడేవి ఉంటాయని ఒప్పుకోవడమే అది. స్ట్ర్‌కాపీ లాంటి ఫంక్షన్లని 2018లో వాళ్ళూ నిషేధించారు. వాడితే గిట్ కోడ్ కంపైలే అవదు.

రివ్యూల్లో నాకు విసుగు పుట్టించే సంగతి ఒకటుంది. ఖాళీలు సరిగా లేవనీ, వేరియబుల్ పేరు బాగాలేదనీ ఇరవై వ్యాఖ్యలు రాసి, పాత స్క్రిప్టుని ఒక్కసారి కూడా తెరవనివాళ్ళు కనిపిస్తారు. సీ కోడ్‌ని సీ కోడ్‌గా చదవడం సగం పనే. షెల్ వరసని ముందు పెట్టుకుని, ఇది ఖాళీకి ఏం చేస్తుంది, ఏమీ దొరక్కపోతే ఏం చేస్తుంది, ఎక్కడ పుట్టి ఎక్కడ చస్తుంది అని అడిగి, ఆ జవాబు ఎదుటి పక్క ఉందో లేదో చూడాలి. దానికి షెల్ నియమాలు తెలిసుండాలి. కుర్రవాళ్ళకి సీ నేర్పిస్తున్నంత శ్రద్ధగా షెల్ నేర్పించడం లేదన్నది నిజం.

అసలు మార్చాలా అన్న ప్రశ్న కూడా రివ్యూయర్ అడగవచ్చు. రోజుకి వెయ్యిసార్లు నడిచే స్క్రిప్టు, విండోస్ మీద ఈడుస్తున్న స్క్రిప్టు అయితే మార్చండి. నెలకోసారి నడిచి, మూడు సెకన్లలో ముగిసే దాన్ని ముట్టుకోకండి. ఓపెన్‌బీఎస్‌డీలో ప్యాచ్‌లు వేసే సిస్‌ప్యాచ్ 2017లోనూ, సిస్టమ్‌నంతటినీ కొత్త విడుదలకి ఎక్కించే సిస్‌అప్‌గ్రేడ్ 2019లోనూ వచ్చాయి. సీ ని అంత శ్రద్ధగా చదివే ఆ మనుషులు ఆ రెండింటినీ షెల్ స్క్రిప్టులుగానే రాశారు.